పెరుగన్నం మానిపించే ముందు ఆ పిల్లాడి పొట్ట చూపించండి

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆటిజం ఉన్న పిల్లలకు పాలు, గోధుమ పూర్తిగా మానిపిస్తే మాటలు వస్తాయని, అంత కఠినంగా పథ్యం పెట్టలేని ఇళ్లలో దానికి బదులు జీర్ణ ఎంజైముల క్యాప్సూల్స్ వాడుకోవచ్చని అందులో రాశారు. సోమవారం మా థెరపీ సెంటర్ వరండాలో ఆ పేపర్ చేతులు మారింది. పిల్లలు లోపల క్లాసులో ఉన్న ముప్పావు గంటా మేం తల్లులం దాని గురించే మాట్లాడుకున్నాం. పథ్యమే మేలని ఇద్దరు, ఎంజైములే నయమని ఇంకొకరు, గొంతులు కూడా లేచాయి. రిపోర్టు వచ్చి వారం కూడా కాని ఒక అమ్మాయి, రెండేళ్ల కొడుకును ఒళ్లో పెట్టుకుని అంతా వింటూ కూర్చుంది. లేచి వెళ్లేటప్పుడు నా దగ్గరకొచ్చి "అక్కా, రేపటి నుంచి పాలు ఆపేయమంటారా?" అని అడిగింది. అప్పటికప్పుడు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా బాబుకు ఇప్పుడు ఎనిమిదేళ్లు. మూడో ఏట ఆటిజం అని చెప్పారు. అప్పటికి వాడు తినేవి లెక్కపెడితే ఐదు: పెరుగన్నం, చిక్కటి రాగి జావ, ఒకే రకం గ్లూకోజ్ బిస్కెట్, అరటిపండు, పాలు. పాలంటే మామూలుగా కాదు, సీసా చేతిలో లేకపోతే నిద్రపోయేవాడు కాదు. కూర ముక్క కనిపిస్తే పళ్లెం తోసేసేవాడు. రాత్రి రెండింటికి లేచి నడుం విల్లులా వంచి ఏడ్చేవాడు, పిడికిలితో తలమీద కొట్టుకునేవాడు. ఎందుకని ఎవరిని అడిగినా ఒకటే సమాధానం, ఆటిజం అంటే అలాగే ఉంటుందమ్మా అని.

మేం మొదట వెళ్లిన సెంటర్‌లో ఒక కాగితం ఇచ్చారు. పాలు, పెరుగు, నెయ్యి, గోధుమ, మైదా, రవ్వ, చక్కెర, అన్నీ బంద్. కారణం కూడా చెప్పారు. గోధుమలో గ్లూటెన్, పాలలో కేసిన్ అనే మాంసకృత్తులుంటాయి, ఈ పిల్లలకు అవి సరిగ్గా అరగవు, సగం అరిగిన ముక్కలు పేగు గోడ దాటి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు వెళ్లి నల్లమందులా పనిచేస్తాయి, అందుకే పిల్లాడు తన లోకంలో తానుంటాడు అని. వినడానికి ఎంత బాగా అతికిందో చెప్పలేను. ఐదేళ్ల తర్వాత కూడా ఆ మాట నాకు గుర్తుందంటే కారణం, మా వాడి గురించి "ఎందుకు" అనే ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు అదే. ఆ ఊహ 1979లో జాక్ పాంక్‌సెప్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దగ్గర మొదలైందని, నార్వేలో రీషెల్ట్ అనే డాక్టర్ దాన్ని ఆహారంతో ముడిపెట్టారని తర్వాత తెలుసుకున్నాను. లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి వాళ్లు ఆటిజం ఉన్న 65 మంది అబ్బాయిల మూత్రం పరీక్షించి, ఆ నల్లమందు లాంటి ముక్కలు వాళ్లలో కనిపించలేదని 2008లోనే ప్రచురించారు. మాకు కాగితం ఇచ్చింది దాని తర్వాత చాలా ఏళ్లకు.

పథ్యం మొదలుపెట్టాం. మనవైపు గోధుమ మానడం మరీ కష్టం కాదనుకున్నాను. ఇడ్లీ, దోసె, పెసరట్టు, జొన్నరొట్టె, సర్వపిండి, సకినాలు, వీటిలో దేంట్లోనూ గోధుమ లేదు. కానీ మా వాడు వీటిలో ఒక్కటీ ముట్టడే! వాడు తినే ఐదింటిలో మూడు ఆ కాగితం మీద ఉన్నాయి. బిస్కెట్ పోయింది, పాలు పోయాయి, పెరుగన్నం పోయింది. మిగిలింది జావ, అరటిపండు. పెరుగుకు బదులు కొబ్బరిపాలు కలిపిన అన్నం ముద్ద చేసి పెడితే వాసన చూసి తల తిప్పేసుకున్నాడు. మూడో రోజు మా అత్తమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చింది. "మాటలు రాకపోతే పోనీ బిడ్డా, వానికి బువ్వ పెట్టు" అంది. నేను ఆమె మీద అరిచాను. ఆ అరుపుకు ఇప్పటికీ బాధపడుతూనే ఉన్నాను.

ఇరవై రోజులయ్యాక సెంటర్‌లో, వంటింట్లో ఉన్నవన్నీ రాసుకు రమ్మన్నారు. రాసుకెళ్తే ఇంగువ దగ్గర వేలు పెట్టి ఆపారు. నిజమే, మనం కొనే డబ్బా ఇంగువలో అసలు ఇంగువ కొంచెమే, మిగతాది గోధుమ పిండో మైదానో, డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో రాసి ఉంటుంది. మా వాడు ఇంగువ వేసిన పప్పుచారు ఒక్క చెంచా కూడా తాగడు. అయినా "ఇంట్లో ఇంగువ పెట్టుకుని ఫలితం రాలేదంటే ఎలా?" అన్నారు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మార్పు వస్తే పథ్యం గొప్ప. రాకపోతే తల్లి ఎక్కడో ఒక చుక్క పాలు పడనిచ్చింది. ఎంజైముల విషయంలోనూ ఇంతే, పనిచేయకపోతే డోసు చాలలేదు, బ్రాండ్ మంచిది కాదు, ఇంకో రెండు నెలలు ఆగాలి. ఎటు తిరిగినా తప్పు మాత్రం ఇంట్లో ఆడదానిదే అవుతుంది.

మార్పు అసలు రాలేదా అంటే, వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మొదటి పది రోజుల్లోనే రాత్రి ఏడుపు తగ్గింది, పగలు కాస్త మనవైపు చూశాడు. మా వారు నేను ఒకరి మొహం ఒకరం చూసుకుని ఏడ్చేశాం. అందుకే ఏడు నెలలు వదల్లేదు. ఆ తర్వాత ఏ మార్పూ లేదు, రాత్రి ఏడుపు మళ్లీ మొదలైంది, పైగా బరువు కిలోన్నర తగ్గాడు. నాలుగేళ్ల పిల్లాడికి కిలోన్నర అంటే నడుం మీద నిక్కరు నిలవలేదు, నాడా కట్టాల్సి వచ్చింది.

డాలస్‌లో ఉండే మా వదిన ఫోన్ చేసి, అక్కడ చాలామంది ఈ పథ్యం వదిలేసి ఎంజైములకు మారారని చెప్పింది. వాళ్ల ప్రేమకు వంక పెట్టను, మూడు సీసాలు మనుషుల చేత పంపించింది. గ్లూటెన్‌నూ కేసిన్‌నూ ముక్కలు చేసే ఎంజైములు, డీపీపీ-4 అనేది కూడా ఉందని సీసా మీద రాశారు. ఆలోచన బాగానే ఉంది: పిల్లాడికి ఇష్టమైనది తీసేయకుండా, దాన్ని అరిగించే సాధనాన్ని పక్కన పెడుతున్నాం. మళ్లీ పెరుగన్నం పెట్టొచ్చన్న ఒక్క ఆశతో నేను ఒప్పుకున్నాను.

క్యాప్సూల్ మింగే వయసు కాదు కాబట్టి విప్పి, గోరువెచ్చటి రాగి జావలో కలిపాను. కలిపి గిన్నె పక్కన పెట్టి, మా పాపకు జడ వేసి వచ్చేసరికి జావ నీళ్లయిపోయింది. చెంచా నిలబడేంత చిక్కటి జావ, పది నిమిషాల్లో మజ్జిగలా పలుచన! ఆ పొడిలో పిండిని కరిగించే అమైలేజ్ కూడా ఉంది, అది గిన్నెలోనే తన పని చేసేసింది. మొలకెత్తించిన రాగుల పిండితో కాచిన జావ మామూలు పిండి జావంత చిక్కబడకపోవడానికి కూడా కారణం ఇదే ఎంజైమ్, గింజ మొలకెత్తేటప్పుడు అది తనలోనే తయారుచేసుకుంటుంది. మన పెద్దవాళ్లు పసిపిల్లలకు మొలకల పిండి వాడింది అందుకే. కానీ మా వాడికి కావలసింది చిక్కటి జావ, అదీ రోజూ ఒకేలా ఉండాలి. గిన్నెలోకి ఒకసారి చూసి, రెండు చేతులతో దూరంగా జరిపేశాడు. ఆ తర్వాత పది రోజులు జావ అనే వస్తువునే నమ్మలేదు. అరటిపండు గుజ్జులో కలిపితే తిన్నాడు గానీ నోటి చుట్టూ ఎర్రగా కందింది. మాంసకృత్తుల్ని కరిగించే పొడి పెదవి మీది లేత చర్మాన్ని కూడా కందిస్తుందని అప్పుడు నాకెవరు చెప్పాలి? నెలకు నాలుగు వేల చిల్లర చొప్పున మూడు నెలలు వాడాం. తేడా నాకు కనిపించలేదు.

మా అత్తమ్మ తమ్ముడి కూతురు హైదరాబాద్‌లో నర్సు. ఆమె పట్టుబట్టి ఒక పిల్లల డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన ఆటిజం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బాబును నా ఒళ్లోనే పడుకోబెట్టి, అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని, ఎడమవైపు కింద పొట్ట నెమ్మదిగా నొక్కాడు. నా చేయి తీసుకుని అక్కడే పెట్టించాడు. లోపల గట్టిగా, గులకరాళ్ల వరుసలా తగిలింది. "మోషన్ ఎన్ని రోజులకు వెళ్తాడమ్మా?" అన్నాడు. నాలుగు రోజులకో, ఐదు రోజులకో, ఒక్కోసారి పలుచగా నిక్కరుకు అంటుకుంటుందని చెప్పాను. అది విరేచనం కాదని, లోపల గట్టిపడిన మలం పక్కనుంచి కారుతున్న నీరని చెప్పాడు. మాటలు లేని పిల్లాడు అర్ధరాత్రి నడుం వంచి ఏడవడం, తల కొట్టుకోవడం, పొట్ట బల్ల అంచుకు ఆనించి నిలబడడం, ఇవన్నీ నొప్పి అని చెప్పే వాడి భాష అన్నాడు. ఐదు నిమిషాల పని! రెండేళ్లు వాడు ఆ భాషలో మాకు చెబుతూనే ఉన్నాడు, మేం దానికి ఆటిజం అని పేరు పెట్టి పక్కన పెట్టాం.

మలం మెత్తబరిచే పొడి ఇచ్చారు, పాలిథిలిన్ గ్లైకాల్ అంటారట. మొదట కొన్ని రోజులు లోపల పేరుకున్నది పోవడానికి ఎక్కువ మోతాదు, తర్వాత నెలల తరబడి కొద్దిగా. రోజూ భోజనమయ్యాక ఐదు నిమిషాలు కాళ్ల కింద పీట పెట్టి కూర్చోబెట్టమన్నారు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ రాశారు. పథ్యానికి ముందు రోజుకు ఎన్ని పాలు తాగేవాడని అడిగితే లీటరుకు దగ్గరగా అని చెప్పాను. అన్ని పాలు తాగే పిల్లాడికి మలం గట్టిపడడం, రక్తం తగ్గడం రెండూ మామూలేనట. మొదటి పది రోజుల్లో మాకు కనిపించిన ఆ మార్పుకు అర్థం అప్పుడు తెలిసింది. లీటరు పాలు ఒక్కసారిగా ఆగిపోయేసరికి కొన్నాళ్లు మోషన్ తేలికైంది, నొప్పి తగ్గింది. నల్లమందు ఏదో మెదడు నుంచి దిగిపోయిందని మేం సంబరపడ్డాం. తర్వాత తిండి రెండు రకాలకు పడిపోయేసరికి పీచు లేదు, నీళ్లు లేవు, మళ్లీ మొదటికొచ్చింది. ఆయన పాలు పూర్తిగా మానమనలేదు, అరలీటరు దాటొద్దన్నారు. ఆ రోజు రాత్రి పెరుగన్నం పెట్టాను. గిన్నె వేలితో నాకాడు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కదా అంటారు. అందుకే పరిశోధనల సంగతి కూడా చదివాను, మా పెద్ద తమ్ముడు ఫార్మసీ చదివాడు, వాడే కూర్చోబెట్టి చదివించాడు. ఫ్లోరిడాలో 2006లో 15 మంది పిల్లలకు ఆరు వారాలు ఈ పథ్యం, ఆరు వారాలు మామూలు తిండి, ఏది ఎప్పుడన్నది తల్లిదండ్రులకు గానీ పరీక్షించేవాళ్లకు గానీ చెప్పకుండా పెట్టి చూశారు. లెక్కల్లో తేడా రాలేదు, కొందరు తల్లిదండ్రులకు మాత్రం మార్పు కనిపించింది. అది చదివినప్పుడు నా మొదటి పది రోజులు గుర్తొచ్చాయి. రోచెస్టర్ యూనివర్సిటీలో ఇంకా జాగ్రత్తగా చేశారు. పిల్లల్ని ముందే పథ్యంలో పెట్టి, డైటీషియన్‌తో పోషకాలు సరిచూసి, ఆ తర్వాత తెలియకుండా ఒక వారం గోధుమ, ఒక వారం పాలు, ఒక వారం రెండూ, ఒక వారం ఏమీ లేనిది పెట్టారు. 14 మంది చివరిదాకా ఉన్నారు. నిద్రలో, మోషన్‌లో, ప్రవర్తనలో ఏ తేడా కనిపించలేదు. నార్వేలో 20 మందితో చేసిన ఒక చిన్న అధ్యయనంలో మేలు కనిపించిందన్నారు గానీ, అందులో ఎవరి పిల్లాడు పథ్యంలో ఉన్నాడో తల్లిదండ్రులకు తెలుసు.

ఎంజైములదీ ఇదే పరిస్థితి. ఆస్ట్రేలియాలో 2010లో 43 మంది పిల్లలకు మూడు నెలలు ఎంజైమ్, మూడు నెలలు ఉత్తుత్తి మందు ఇచ్చి చూస్తే ప్రవర్తనలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, తినే రకాలు కొద్దిగా పెరిగాయి. ఈజిప్టులో 2015లో 101 మందితో చేసిన దాంట్లో మాత్రం మేలు కనిపించిందని రాశారు. అమెరికాలో క్లోమం (పాంక్రియాస్) ఎంజైములతో మందులా తయారుచేసినదాన్ని చిన్నపిల్లలకిస్తే చిరాకు కొంత తగ్గిందని 2023లో వచ్చింది. కాబట్టి ఎంజైముల తలుపు పూర్తిగా మూసుకుపోలేదు, పరిశోధన జరగాలి, జరగనివ్వండి. కానీ ఆటిజానికని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన ఎంజైమ్ మందు ఇప్పటికి ఒక్కటీ లేదు, ఆ ప్రయోగాల్లో ఇచ్చిన మందూ మనకు దుకాణంలో దొరికే సీసా ఒకటి కావు. మన దగ్గర సప్లిమెంట్‌గా అమ్మే సీసా అయితే దాన్ని తిప్పి చూడండి, ఔషధ ప్రయోజనానికి కాదు అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అలా రాయాలన్నది మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. ముందువైపు పిల్లాడి నవ్వు బొమ్మ, వెనకవైపు ఈ మాట.

సీక్రెటిన్ సంగతి కూడా చెప్పాలి. అది క్లోమంతో జీర్ణరసాలు ఊరించే హార్మోన్. 1998లో అమెరికాలో కడుపు పరీక్ష కోసం దాన్ని ఇచ్చిన ముగ్గురు ఆటిజం పిల్లల్లో మాటలు, చూపు మెరుగయ్యాయని డాక్టర్లు రాశారు, టీవీలో వచ్చింది, తల్లిదండ్రులు దాని కోసం ఎగబడ్డారు. మరుసటి ఏడే 60 మంది పిల్లల్ని తీసుకుని కొందరికి సీక్రెటిన్, కొందరికి ఉప్పునీరు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తే సీక్రెటిన్‌తో వచ్చిన మేలు ఉప్పునీటికన్నా ఎక్కువేమీ లేదని తేలింది. ఆ ఫలితం చెప్పాక కూడా ఆ పిల్లల తల్లిదండ్రుల్లో 69 శాతం మంది మాకు సీక్రెటిన్ కావాలనే అన్నారట. నేను వాళ్లను తప్పు పట్టను. ఆ 69 శాతంలో నేనూ ఉండేదాన్ని. సరిగ్గా అందుకే మా చేతికి ఏ కాగితం ఇస్తున్నారో, ఏ వ్యాసం అచ్చు వేస్తున్నారో మీరూ సెంటర్ల వాళ్లూ ఒకటికి పదిసార్లు చూసుకోవాలి.

గోధుమ, పాలు ఎవరికీ మానిపించకూడదని నేననడం లేదు. గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ అనే జబ్బు ఉన్న పిల్లాడికి, ఆటిజం ఉన్నా లేకపోయినా, జీవితాంతం గోధుమ వద్దు, అక్కడ ఎంజైమ్ మాత్ర పథ్యానికి ప్రత్యామ్నాయం కాదు. ఆ జబ్బు తెలుసుకోవడానికి రక్త పరీక్ష ఉంది, అయితే పిల్లాడు గోధుమ తింటున్నప్పుడే చేయించాలి. ముందే మానిపించి ఆరు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. ఈ ఒక్క సంగతి మాకు ఇచ్చిన కాగితంలో లేదు, మీ వ్యాసంలోనూ లేదు. పాలలో చక్కెర, అంటే లాక్టోజ్, అరగని వాళ్లు మన దక్షిణాదిలో చాలామంది, వాళ్లకు పాలు తాగితే కడుపు ఉబ్బరం, పెరుగైతే ఎక్కువమందికి పడుతుంది, ఎందుకంటే తోడు వేసినప్పుడు ఆ చక్కెర కొంత తగ్గిపోతుంది. దానికి లాక్టేజ్ అనే ఎంజైమ్ పనికొస్తుంది. అది కేసిన్‌ను ముట్టదు. క్లోమం దెబ్బతిన్న పిల్లలకు, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టు జబ్బు ఉన్నవాళ్లకు క్లోమం ఎంజైములు ప్రాణాధారం, వాళ్లలో కూడా మితిమీరిన మోతాదులతో పెద్దపేగు బిగుసుకుపోయిన కేసులు 1990లలో బయటపడ్డాయి. ఇవన్నీ వేరువేరు జబ్బులు, వేరువేరు ఎంజైములు. వరండాలో మేం అన్నిటినీ ఒకే మాటతో పిలుస్తున్నాం, అంగట్లో అమ్మేవాళ్లకూ అదే కావాలి.

ఎముకల మాట. అమెరికాలో ఆటిజం ఉన్న 75 మంది మగపిల్లలకు, 4 నుంచి 8 ఏళ్ల వాళ్లకు, చేతి ఎక్స్‌రే తీసి చూస్తే వయసుకు ఉండాల్సిన దానికన్నా ఎముక పలుచగా ఉంది, పాలు మానిపించిన పిల్లల్లో ఇంకా పలుచగా ఉంది. 2008లో వచ్చిన అధ్యయనం ఇది. మా వాడి వయసుకు రోజుకు 650 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ లెక్క. అరలీటరు పాలలోనే దాదాపు అంతా ఉంది. పాలు మానేస్తే రాగులున్నాయి కదా అంటారు, రాగుల్లో నిజంగానే వంద గ్రాములకు 360 పైచిలుకు ఉంది, కానీ పిల్లాడు తాగే ఒక గిన్నె జావకు పట్టేది పాతిక గ్రాముల పిండి. అంటే 90. నువ్వులు, ఆకుకూరలు, చిన్న చేపలు తినే పిల్లాడైతే మిగతాది పూడ్చుకోవచ్చు. ఐదు రకాలు మాత్రమే తినే పిల్లాడి సంగతేంటి? ఆటిజం పిల్లల్లో తిండి పేచీ మిగతా పిల్లలకన్నా ఐదు రెట్లు ఎక్కువని, కాల్షియం, మాంసకృత్తులు తక్కువ పడుతున్నాయని 2013లోనే చాలా అధ్యయనాలు కలిపి చూసి చెప్పారు. అలాంటి పిల్లాడి పళ్లెంలోంచి ఇంకా తీసేయమని చెప్పేవాళ్లు, బదులుగా ఏం పెట్టాలో, వాడు దాన్ని ఎలా తింటాడో కూడా చెప్పాలి.

ఎవరి బిడ్డకైనా పథ్యంతోనో ఎంజైముతోనో మేలు జరిగిందంటే నేను సంతోషిస్తాను, వాదించను. మా వరండాలో ఒకామె కూతురికి పాలు మానాక చర్మం మీద దద్దుర్లు, చెవి దగ్గర గోకుడు పూర్తిగా పోయాయి, ఆ పాపకు పాల అలర్జీ ఉందని తర్వాత పరీక్షలో తేలింది, దురద పోయాక పాప క్లాసులో కుదురుగా కూర్చుంటోంది. కానీ వెనకా ముందూ చూడకుండా రెండూ మూడూ కలిపి మొదలుపెట్టొద్దని ప్రతి తల్లికీ చెబుతాను. మేం పథ్యం, కొత్త స్పీచ్ థెరపిస్ట్, విటమిన్ సిరప్ ఒకే నెలలో మొదలుపెట్టాం, ఏది దేనివల్లో ఎవరికి తెలుస్తుంది? డాక్టర్‌కు చెప్పి ఒక్కటే మార్చండి. ఎన్ని వారాలు చూస్తారో ముందే గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. రోజూ నిద్ర ఎన్ని గంటలు, మోషన్ వెళ్లాడా, ఏం తిన్నాడు అని అదే క్యాలెండర్ గడిలో రెండు ముక్కలు రాయండి, నెలకోసారి బరువు చూడండి. పథ్యం పెట్టిన సంగతి టీచర్‌కు చెప్పకుండా, ఆ నెల పిల్లాడు ఎలా ఉన్నాడని మాత్రం అడగండి. గడువు అయ్యాక తేడా లేకపోతే ఆపేయండి, ఆపినందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. హైదరాబాద్‌తో సహా దేశంలో ఐదు చోట్ల చేసి 2018లో ప్రచురించిన సర్వే ప్రకారం మన పిల్లల్లో నూటికి ఒకరి చుట్టూ ఆటిజం ఉంది. జిల్లా ఆసుపత్రుల్లో ఇలాంటి పిల్లల కోసం డీఈఐసీ అనే కేంద్రాలు (ఎదుగుదల లోపాలను చిన్నప్పుడే గుర్తించి సాయం చేసేవి) పెట్టారు, మంచి పని. మేం వెళ్లిన కేంద్రంలో మాటలు నేర్పేవాళ్లున్నారు, కాళ్లు చేతులు చూసేవాళ్లున్నారు, పిల్లాడి తిండి గురించి కూర్చుని మాట్లాడే మనిషి లేరు. ఆ ఖాళీలోకే సెంటర్ల కాగితాలు, డాలస్ సీసాలు వస్తున్నాయి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసమే ఉన్న జాతీయ సంస్థ ఉంది. ఆ రెండు సంస్థలూ కలిసి ఆటిజం ఉన్న పిల్లల తిండి మీద ఇరవై పేజీల తెలుగు పుస్తకం ఒకటి వేసి ప్రతి కేంద్రంలో పెట్టాలి. ఒకే రంగు తిండి తినే పిల్లాడికి రెండో రంగు ఎలా అలవాటు చేయాలో చెప్పే పుస్తకం కావాలి మాకు. మా వాడికి పెరుగన్నంలో దానిమ్మ గింజ ఒక్కటంటే ఒక్కటి పెట్టి, వాడు దాన్ని తీసి అవతల పెట్టినా ఊరుకుని, మళ్లీ రేపు పెట్టి, అలా ఆరు వారాలకు నోట్లో వేసుకున్నాడు. ఇప్పుడు పదకొండు రకాలు తింటాడు, దోసె కూడా, అంచులు మాత్రమే. మాటలు పది పదిహేను ఉన్నాయి. రాత్రి పడుకుంటే తెల్లారేదాకా లేవడు. ఆటిజం ఉంది, ఉంటుంది.

సంపాదకుల గారూ, పోయిన ఆదివారం వ్యాసం చదివి గోధుమ, పాలు మానిపించడానికి సిద్ధమవుతున్న తల్లులు మా వరండాలో ఒక్కరే కాదు, మీ పేపర్ వెళ్లే ప్రతి ఊళ్లో ఉంటారు. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో మూడు ముక్కలు వేయండి: ముందు పిల్లల డాక్టర్‌కు పొట్ట చూపించాలని, మలబద్ధకం ఉందేమో అడగాలని, సీలియాక్ రక్త పరీక్ష గోధుమ మానిపించక ముందే చేయించాలని. ఆ అమ్మాయికి మళ్లీ గురువారం క్లాసు ఉంది. పాలు ఆపొద్దని, శనివారం మా డాక్టర్ దగ్గరకు నేనే తోడొస్తానని చెబుతాను.

— ఒక తల్లి, హనుమకొండ